మూడో జవాబు

ఉసిరి మీద ఊర్మిళ చనిపోయిన పదహారో రోజున, గోదావరిఖని నుంచి స్వరూప ఫోన్ చేసింది.

"మేడం, మా బాపు తింటలేడు. నాలుగు దినాలైతంది. ఎవ్వలతోని మాట్లాడుతలేడు. మీరొక్కసారి వచ్చి చెప్తే ఇంటడేమో."

"ఏం చెప్పాలి స్వరూపా?" అంది మంజీర.

"ఆ పిల్ల సచ్చిపోవుడు ఆయన తప్పు గాదని."

వస్తానని చెప్పి మంజీర ఫోన్ పెట్టేసింది. తరవాత చాలాసేపు ప్రయోగశాల కిటికీ దగ్గరే నిలబడిపోయింది. స్వరూప అడిగిన ఆ ఒక్క మాటను రుజువులతో సహా చెప్పగలిగిన మనిషి ఎవరైనా ఉంటే అది తానే. పదహారు రోజులుగా చెప్పకుండా ఉన్నదీ తానే.

ఉసిరి ఒక గ్రహశకలం. అడ్డంగా రెండు వందల మీటర్లుంటుంది. దూరం నుంచి తీసిన మొదటి ఫోటోలో దాని మీద ఉసిరికాయకున్నట్టు నిలువు చారలు కనిపించాయి. అప్పట్నుంచి వ్యోమఖని సంస్థలో అందరికీ అది ఉసిరే. దాని బంకమట్టిలో నీరుంది. పెద్ద పెద్ద అద్దాలతో ఎండను ఒకచోటికి మళ్లించి ఆ మట్టిని కాలిస్తే ఆవిరి వస్తుంది. ఆవిరిని సంచిలో పట్టి చల్లబరిస్తే నీరు. ఆ నీటిని విడగొడితే రాకెట్లకు ఇంధనం. భూమి నుంచి ఒక్క చుక్క మోసుకుపోకుండా, చంద్రుడికి అవతల తిరిగే నౌకలన్నీ అక్కడే ట్యాంకులు నింపుకోవచ్చు.

లెక్క ఇంత తేలిక. చిక్కంతా నేలతోనే. ఉసిరి ఒకే రాయి కాదు. బండలు, గులకరాళ్లు, దుమ్ము, మంచు పోగుపడి ఏర్పడిన కుప్ప. ఆ కుప్పను పట్టి ఉంచే ఆకర్షణ ఎంత తక్కువంటే, దాని మీద నిలబడి మనిషి కాస్త గట్టిగా కాలు తన్నితే మళ్లీ కిందికి రాడు. ఎక్కడ మేకు దిగ్గొడితే నిలుస్తుందో, ఎక్కడ బండ కింద డొల్ల ఉండి, ఆవిరి పోగై, ఆ బండను పైకి తోసేస్తుందో పైనుంచి చూసి చెప్పడం ఏ పరికరం వల్లా కాలేదు.

ఆ పని మనిషి చెవి వల్ల అవుతుందని కనిపెట్టింది మంజీర. బొగ్గు గనుల పాత భద్రతా పుస్తకాలు తిరగేస్తుంటే ఆమెకు ఒక పద్ధతి కనిపించింది. భూగర్భ గనుల్లో ప్రతి షిఫ్టుకూ ముందు ఒక మనిషి ఇనుప కడ్డీతో పైకప్పును కొట్టి, అది పలికే తీరు విని, కూలీలను లోపలికి పంపాలో వద్దో చెప్పేవాడట. ఆఖరి భూగర్భ గని మూతబడి అప్పటికే పద్నాలుగేళ్లయింది. అలాంటి పని చేసినవాళ్లలో బతికున్నవాళ్ల కోసం వెతికితే ఏడుగురు దొరికారు. ఆ ఏడుగురిలో చెవులు చురుగ్గా ఉన్నది ఓదెలుకు మాత్రమే. అతనికి డెబ్బై రెండేళ్లు.

అంతరిక్షంలో గాలి లేదు కాబట్టి శబ్దం లేదు. కానీ రాయిని కొడితే రాయి వణుకుతుంది. అంతకు ముందే ఉసిరి మీదికి పంపిన ఒక చిన్న రోబో పదకొండు వేల నాలుగు వందల చోట్ల కొట్టి ఆ వణుకుల్ని రికార్డు చేసి పంపింది. మంజీర ఆ వణుకుల్ని ఒక ఇనుప కడ్డీలోకి ఎక్కించింది. ఓదెలు కడ్డీ చివర ఎడమ అరచేతిలో పట్టుకుని, కళ్లు మూసుకుని, ఒక్కో దెబ్బకు ఒక్కో మాట చెప్పేవాడు.

"గట్టి." "గట్టి." "గుల్ల." "గట్టి."

అప్పుడప్పుడు ఒక దెబ్బ దగ్గర ఆగిపోయేవాడు. మళ్లీ కొట్టమనేవాడు. మూడోసారి కూడా విని తల అడ్డంగా ఊపేవాడు.

"తెల్వదు బిడ్డా."

ఏడు నెలలు అలా గడిచాయి. అతని కూతురు స్వరూప గోదావరిఖని ఆసుపత్రిలో నర్సు. నెలకోసారి హైదరాబాద్ వచ్చి, ప్రయోగశాలలో తండ్రిని చూసి, బట్టలిచ్చి పోయేది. మధ్యాహ్నాలు మంజీరా ఓదెలూ ఒకే బల్ల దగ్గర తినేవాళ్లు. అతను ఆమె పెరుగన్నంలోకి తన పచ్చిమిరపకాయ తొక్కు వేసేవాడు. బాయిలో మనుషుల కబుర్లు చెప్పేవాడు. ఆ ప్రాంతంలో గనిని బాయి అనే అంటారు. ఆమె మొదట్లో 'ఓదెలు గారూ' అనేది, రెండో నెలకల్లా 'కాకా' అనడం అలవాటైంది.

ఒకరోజు తింటూ తింటూ ఆమె అడిగింది.

"మీరు తెల్వదన్నవాటిని ఏం చేద్దాం కాకా?"

"ఏం జేసుడేంది?" అన్నాడు ఓదెలు. "బాయిల తెల్వదు అంటే బయటికి రమ్మన్నట్టే. తెల్వని కాడికి మనిషిని పంపుతరా?"

"ఆఫీసర్లు ఊరుకునేవాళ్లా?"

"ఎందుకూకుంటరు. ఒర్రేటోళ్లు. నీకు తెల్వకపోతే నీకు జీతమెందుకురా అనేటోళ్లు. నేనేమో, తెల్వదని చెప్పేటందుకే సారూ అనేటోన్ని."

ఆమె నవ్వి, ఆ మాటను నోటుపుస్తకంలో రాసుకుంది. తేదీ కూడా వేసింది.

ఓదెలు జవాబులతో మంజీర ఒక యంత్రానికి వినడం నేర్పింది. దాన్ని పరీక్షించిన రోజున సంస్థలో అందరూ చప్పట్లు కొట్టారు. కొత్త దెబ్బ వినిపిస్తే, ఓదెలు ఏమంటాడో యంత్రం రెండు సెకన్లలో అనేది. దానికి ఏం పేరు పెట్టాలన్న చర్చ కూడా రాలేదు. మొదటిరోజు నుంచే అది 'ఓదెలు'. పేపర్లో ఫోటో పడింది. గోదావరిఖనిలో అతని కాలనీ వాళ్లు శాలువా కప్పారు.

ప్రయోగానికి పది వారాల ముందు ప్రాజెక్టు డైరెక్టర్ శేషసాయి మంజీరను పిలిచాడు. చెడ్డవాడు కాదు. పదిహేనేళ్లుగా ఆ ఒక్క పని మీదే బతుకుతున్న మనిషి.

"తొమ్మిది చోట్లలో ఒకచోట మీ యంత్రం తెలియదంటోంది. తెలియదన్నప్పుడల్లా సామాను ఊడదీసి వేరే చోటికి మార్చడానికి సగం రోజు పడుతుంది. మనకు ఉసిరి దగ్గర ఉండేది నూట ఎనభై రోజులు. అందులో డెబ్బై రోజులు మార్చడానికే పోతాయి. మంజీరా, తెలుసుకోవడానికే కదా దాన్ని చేశాం. తెలియదనే హక్కు దానికెందుకు? నాకు రెండు జవాబులు చాలు."

ఓదెలు తెల్వదన్న చోట్లు పదమూడు వందల ఇరవై. వాటిలో అరవై చోట్ల రోబో గతంలోనే తవ్వి చూసింది. యాభై ఏడు గట్టిగా నిలిచాయి, మూడు కూలాయి. మంజీర ఆ అంకెలు ముందు పెట్టుకుని ఒక మధ్యాహ్నమంతా కూర్చుంది. రెండే జవాబులుండాలంటే ఈ పదమూడు వందల ఇరవై ఎటో ఒకవైపు చేరాలి. గుల్లలో కలిపితే పని నెమ్మదిస్తుంది. గట్టిలో కలిపితే వేగంగా సాగుతుంది. ఆమె గట్టిలో కలిపింది. యంత్రం ప్రోగ్రాములో ఒక్క వరుస మార్చితే సరిపోయింది. నివేదికలో 'నిపుణుడి నిర్ధారణలు: పదకొండు వేల నాలుగు వందలు' అని రాసింది. ఓదెలు ఎక్కడ సంతకం చేయమంటే అక్కడ చేశాడు. అతనికి చదువు రాదు.

ఉసిరి మీదికి వెళ్లిన నలుగురిలో ఊర్మిళ ఒకతె. శ్రీకాకుళం జిల్లాలో మందస దగ్గరి పల్లె. ముప్పై ఒక్క ఏళ్లు. సముద్రం అడుగున తవ్వకాల్లో పనిచేసి వచ్చిన మనిషి. బయలుదేరడానికి నెల ముందు శిక్షణకని ప్రయోగశాలకు వచ్చి, యంత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మేడమ్, ఇది గట్టి అంటే గట్టేనా? మద్దెలో ఇంకేటీ ఉండదా?"

"ఉండదు," అంది మంజీర. "నమ్మొచ్చు."

ఊర్మిళ తల ఊపి, కడ్డీ చేతిలోకి తీసుకుని, దాన్ని పట్టుకోవడం అలవాటు చేసుకుంది.

అక్కడికి వెళ్లాక యాభై రెండు రోజులు అంతా బాగా జరిగింది. సంచుల్లోకి నీరు వచ్చింది. యాభై మూడో రోజు ఊర్మిళ కొత్త గుంట అంచున మేకు దిగ్గొట్టే ముందు కడ్డీతో నేలను కొట్టింది. యంత్రం గట్టి అంది. మేకు దిగింది. అద్దాలు తిప్పి ఎండను గుంటలోకి పంపారు. అరగంటకు బండ కింది మంచు ఆవిరై, దారి లేక, బండను నెట్టింది.

అది విసురుగా వచ్చిన రాయి కాదు. లారీ అంత బండ, మనిషి నడిచినంత నెమ్మదిగా కదిలింది. బరువు లేని చోట కూడా బండ బండే. కదిలిన దాన్ని ఆపడం ఎవరి వల్లా కాదు. ఊర్మిళ వెనక డ్రిల్లు చట్రం ఉంది. హైదరాబాద్‌లోని కంట్రోల్ రూముకు ఆమె గొంతు నలభై సెకన్లు ఆలస్యంగా చేరుతుంది. "ఇది కదుల్తోంది" అన్న మాట మంజీర విన్నప్పటికే అక్కడ అంతా అయిపోయింది. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు. అయినా శేషసాయి మైకు అందుకుని పక్కకు జరుగు, పక్కకు జరుగు అంటూనే ఉన్నాడు.

విచారణ కమిటీ తొలి నివేదిక పది రోజుల్లో వచ్చింది. యంత్రంలో లోపం లేదు. ఆ చోటు పలికిన తీరు, గతంలో నిపుణుడు గట్టి అన్న చోట్లను పోలి ఉంది. నిపుణుడి వినికిడిలో సహజంగా ఉండే పొరపాటు కావచ్చు. మర్యాదగా రాసిన వాక్యం. పేపర్లు అంత మర్యాద చూపలేదు. 'ఓదెలు తప్పు విన్నాడు' అని అచ్చేశాయి.

ఆ నివేదిక చిత్తుప్రతి మంజీర బల్ల మీదికి కూడా వచ్చింది. ఆమె రెండు అచ్చుతప్పులు దిద్ది వెనక్కి పంపింది.

*

మంజీర వెళ్లేసరికి ఓదెలు ఇంక్లైన్ కాలనీ క్వార్టర్‌లో మంచం మీద గోడ వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. మనిషి సగానికి సగం అయిపోయాడు. స్వరూప పళ్లెంలో అన్నం పెట్టుకుని నిలబడింది.

"బాపూ, మేడం వచ్చింది సూడు."

అతను తిరిగి చూసి, లేవబోయి, లేవలేక మళ్లీ కూర్చున్నాడు.

"కూసో బిడ్డా. ఎండల పడి వచ్చినవ్."

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. తరవాత అతనే అన్నాడు.

"అక్కడ రాయికి బరువుండదని నువ్వే చెప్పినవ్ గదా. మరి ఆ పిల్ల ఎట్ల నలిగింది?"

ఆమె చెప్పింది. బరువు లేకపోయినా కదిలే రాయిలో ఎంత బలం ఉంటుందో చెప్పింది. అతను శ్రద్ధగా విన్నాడు. ఆ సంగతి ముందే తెలిసుంటే ఇంకో విధంగా వినేవాణ్నేమో అన్నట్టు తల ఊపాడు.

"ముప్పై నాలుగేండ్లు నా మాట మీద మనుషులు లోపటికి వోయిన్రు," అన్నాడు. "ఇప్పుడు ఒక్కొక్కలు యాదికస్తున్నరు. మా బాయిల పనిజేసే రాజలింగు మీద బండ వడ్డప్పుడు, అది నేను కొట్టి సూసిన జాగ గాదన్న. అందరు నమ్మిన్రు. నేను గూడ నమ్మిన. ఇప్పుడనిపిస్తంది, అది గూడ నేను సూసిన జాగనేనేమో. గట్టని నేనే అన్ననేమో."

"అది కాదు కాకా. మీ చెవి తప్పు కాదు. యంత్రాలన్నాక పొరపాట్లు వస్తాయి."

"ఆ యంత్రం పేరేంది బిడ్డా?"

మంజీర స్వరూప చేతిలోని పళ్లెం తీసుకుని అతని ముందు పెట్టింది.

ఆమె వచ్చిందన్న మర్యాదకు అతను రెండు ముద్దలు తిన్నాడు. స్వరూప ఆ రెండు ముద్దలకే సంతోషపడి, వీధి చివరిదాకా వచ్చి మంజీర చేతులు పట్టుకుంది. "మీ మాట మీద తిన్నడు మేడం. మీరు దేవుని లెక్క వచ్చిన్రు," అంది. కారు పెద్దపల్లి దాటేదాకా మంజీర తన చేతుల్ని ఒళ్లో పెట్టుకుని వాటి వైపే చూస్తూ కూర్చుంది. చెప్పడానికే వెళ్లింది. గడప దాకా ఆ మాట నోటిలోనే ఉంది. లోపలికి వెళ్లాక, ఓదార్చడం ఒప్పుకోవడం కన్నా తేలికని తెలిసింది. పైగా దాన్ని అందరూ మంచితనం అనుకున్నారు.

ఇంట్లో ఆమె తల్లి, ఎలా ఉన్నాడు ఆ పెద్దాయన అని అడిగింది. "కొంచెం తిన్నాడు," అంది మంజీర. ఆ పూట తాను తినలేదు. తరవాతి పూట తింది. అలా తినగలిగినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

పదిరోజుల తరవాత ఓదెలే వచ్చాడు. పొద్దున బస్సెక్కి, స్వరూప భుజం పట్టుకుని, ప్రయోగశాల గేటు దగ్గర దిగాడు. గేటు దగ్గరి సెక్యూరిటీ అతన్ని గుర్తుపట్టి కుర్చీ వేశాడు గానీ కళ్లలోకి చూడలేదు.

"ఆ దెబ్బ ఒక్కసారి వినిపియ్యి బిడ్డా," అన్నాడు మంజీరతో. "ఆ పిల్ల కొట్టిన దెబ్బ. నా చెవి ఎక్కడ తప్పిందో నాకు తెల్వాలె. తెలిస్తే ఇగ నేనేం అడగ."

"ఎందుకు కాకా ఇప్పుడు..."

"వినిపియ్యి."

ఆమె రికార్డు తీసి కడ్డీలోకి ఎక్కించింది. పాత బల్ల, పాత కుర్చీ. అతను ఎడమ అరచేయి చొక్కాకు తుడుచుకుని కడ్డీ పట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. దెబ్బ వచ్చింది. మళ్లీ అన్నాడు. మళ్లీ వచ్చింది. నాలుగుసార్లు విన్నాడు. కళ్లు తెరిచి, ఎవరో తనను మోసం చేసినట్టు కడ్డీ వైపు చూశాడు.

"ఇది నాకు తెల్వదు," అన్నాడు. "గట్టి గాదు, గుల్ల గాదు. ఇసొంటిది వస్తే నేను తెల్వదనే అంట. ఇప్పుడు తెల్వనిది అప్పుడెట్ల తెలిసింది? అప్పుడు దీన్ని గట్టన్ననా బిడ్డా?"

మంజీర ముందు ఒక మాట ఉంది. ఈ దెబ్బ మీరు వినలేదు కాకా, ఇది ఊర్మిళ కొట్టిన కొత్త దెబ్బ. అది నిజం కూడా. ఆ నిజం చెబితే అతను ఇంకా అయోమయంలో పడి ఇంటికి వెళ్లిపోతాడు. ఆమె ఆ మాటను కొంచెంసేపు నాలుక మీద ఉంచుకుంది.

"మీరు గట్టి అనలేదు," అంది చివరికి. "ఇలాంటివి పదమూడు వందల ఇరవై చోట్ల వచ్చాయి. అన్నిటికీ మీరు తెల్వదనే అన్నారు. వాటిని నేను గట్టిలో కలిపేశాను."

ఓదెలు కడ్డీ వదల్లేదు.

"నువ్వా?"

"నేనే."

"ఎవలన్న చెప్తే చేసినవా?"

శేషసాయి పేరు నోటిదాకా వచ్చింది. "రెండే జవాబులుండాలన్నారు. ఎందులో కలపాలో ఎవరూ చెప్పలేదు. గుల్లలో కలపొచ్చు. కలిపితే పని ఆలస్యమవుతుందని కలపలేదు. మీరు బయటికి రమ్మన్న చోటికి నేను మనిషిని పంపాను కాకా. ఆమె నన్నడిగింది కూడా. నమ్మొచ్చని చెప్పాను."

తలుపు దగ్గర నిలబడ్డ స్వరూప ముందుకు వచ్చింది. "మొన్న మా ఇంటికొచ్చినప్పుడు నీకిది ఎరుకేనా?"

"ఎరుకే."

"మా బాపు సచ్చిపోతే అప్పుడు చెప్తుంటివా?"

ఓదెలు కూతురి చేతిని పట్టుకుని ఆపాడు. మెల్లగా మాట్లాడాడు. గొంతులో కోపం లేదు. కోపమే ఉంటే బాగుండుననిపించింది మంజీరకు.

"నేను ఆ పిల్ల తల్లికి ఫోన్ జేసిన. మొన్న సోమారం నాడు. నీ బిడ్డను నేనే సంపిన తల్లీ అని చెప్పిన. ఆమె ఏమన్నదో ఎరికేనా నీకు? కొద్దిసేపు ఏడ్సి, తిన్నావా బాబూ అని అడిగింది." కడ్డీని బల్ల మీద పెట్టాడు. "నా చెవి తప్పిన మాట నిజమే. నిన్ను గట్టి అనుకున్న."

లేచి, కూతురి భుజం పట్టుకుని వెళ్లిపోయాడు.

*

ఆ మధ్యాహ్నమే మంజీర నోటుపుస్తకం, మార్చిన వరుస, పాత నివేదిక మూడూ తీసుకుని కమిటీ ముందుకు వెళ్లింది. వెళ్లే ముందు శేషసాయికి చెప్పింది.

"నువ్వు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు," అన్నాడు. బెదిరింపుగా అనలేదు. తనకు తాను చెప్పుకుంటున్నట్టు అన్నాడు. తరవాత తన సంచి సర్దుకుని ఆమె వెంటే కమిటీ గదిలోకి వచ్చాడు. రెండు జవాబులు చాలన్నది తానేనని ఒప్పుకున్నాడు.

ఉసిరి మీద పని ఎనిమిది నెలలు ఆగిపోయింది. మిగిలిన ముగ్గురూ క్షేమంగా భూమ్మీద దిగారు. శేషసాయి పదవి వదిలేశాడు. మంజీరను ఉద్యోగంలోంచి తీసేశారు. మనుషుల ప్రాణాలతో ముడిపడిన ఏ యంత్రం మీదా ఆమె ఇక పనిచేయకూడదని రాశారు. ఆమె దాని మీద అప్పీలు చేయలేదు. 'ఓదెలు తప్పు విన్నాడు' అని రాసిన పేపర్లు సవరణ వేశాయి. లోపలి పేజీలో, చిన్న అక్షరాల్లో.

యంత్రాన్ని మళ్లీ మూడు జవాబులతో తయారుచేయాలంటే ఓదెలు కావాలి. కొత్తవాళ్లు వెళ్లి అడిగారు. అతను వస్తానన్నాడు, దాని మీద తన పేరు ఉండొద్దన్నాడు. తీసేశారు. రెండోసారి వెళ్లినవాళ్లు తెచ్చిన నీరు, అనుకున్నదానిలో మూడోవంతు తక్కువ. యంత్రం తెలియదన్నప్పుడల్లా వాళ్లు సామాను ఊడదీసుకుని పక్కకు జరిగారు. ఎవరూ చనిపోలేదు.

ఆఫీసు కాగితాల కోసం ఒకసారి వెళ్లినప్పుడు మంజీర ఓదెలుకు వరండాలో ఎదురైంది. నాలుగు ముద్దలు తింటున్న మనిషిలా కాస్త తేరుకున్నాడు. ఆమె ఆగింది. అతనూ ఆగాడు.

"బాగున్నరా మేడం?" అన్నాడు.

ఏడు నెలలు బిడ్డా అని పిలిచిన మనిషి. బాగున్నానని చెప్పింది.

ఆ వారమే ఆమె మందస వెళ్లింది. ఊర్మిళ తల్లి దాలమ్మ వాకిట్లో కూర్చుని జీడిపప్పు మీద పొట్టు తీస్తోంది. జీడి రసానికి వేళ్లు నల్లబడి ఉన్నాయి. కమిటీ చివరి నివేదిక ఇంగ్లీషులో వచ్చిందట. ఎవరూ చదివి చెప్పలేదు. మంజీర కింద కూర్చుని అంతా చెప్పింది. మూడో జవాబు సంగతి చెప్పింది. ఓదెలు తప్పు లేదని చెప్పింది. ఊర్మిళ అడిగిన మాటా చెప్పింది.

దాలమ్మ చేతులు ఆగాయి.

"అడిగిందా అది?"

"అడిగింది."

"నువ్వేటన్నావు?"

"నమ్మొచ్చు అన్నాను."

దాలమ్మ చాట పక్కన పెట్టింది. ఏడవలేదు, తిట్టలేదు. తరవాత లేచి వీధిలోకి వెళ్లి ఇద్దరు ఆడవాళ్లను వెంటబెట్టుకొచ్చింది.

"మొదటిరోజు టీవీలో నా అమ్మి ఎల్లకూడని గీత దాటి ముందుకెల్లిపోయిందని సెప్పినారు," అంది మంజీరతో. "ఊరంతా అదే అనుకుంతన్నారు. దానికి తొందరెక్కువ, అందుకే పోయిందని. ఈళ్లకి సెప్పు."

మంజీర చెప్పింది. వాళ్లు విని వెళ్లారు. ఇంకో ముగ్గురు వచ్చారు. వాళ్లకూ చెప్పింది. తరవాత జీడి ఫ్యాక్టరీ నుంచి తిరిగి వస్తున్నవాళ్లను దాలమ్మ ఒక్కొక్కరినీ చేయి పట్టుకుని లోపలికి తెచ్చింది. మధ్యలో ఒకసారి మంజీర ముందు గ్లాసుతో మంచినీళ్లు పెట్టింది. ఎండ వాకిట్లోంచి అరుగు మీదికి పాకింది. ఊర్మిళకు చిన్నప్పుడు చదువు చెప్పిన పంతులమ్మ అందరికన్నా ఆలస్యంగా వచ్చింది. మంజీర గొంతు బొంగురుపోయింది. త్వరగా ముగించాలని, యంత్రంలో తాను చేసిన మార్పు చెప్పి, బండ కదిలిన సంగతికి వచ్చేసింది.

దాలమ్మ చేయెత్తి ఆపింది.

"నా అమ్మి నిన్నడిగింది గదా. అది సెప్పకుండా వొదిలీసినావు."

మంజీర పంతులమ్మ వైపు తిరిగింది.

"ఇది గట్టి అంటే గట్టేనా అని ఊర్మిళ నన్ను అడిగింది," అంది. "నమ్మొచ్చు అన్నాను."